బ్రౌజర్లు ఇరవై, ఇంజిన్లు మూడే

ప్లేస్టోర్‌లో బ్రౌజర్ అని కొట్టి చూడండి. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, వివాల్డీ, శాంసంగ్ ఇంటర్నెట్, జోహో వాళ్ల ఉలా, ఇలా వస్తూనే ఉంటాయి. చూస్తే పోటీ జోరుగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఈ ఏడింటి లోపలా పేజీని గీసేది ఒకే ఇంజిన్, బ్లింక్. దాన్ని ఎక్కువగా రాసేదీ, అది ఎటు పోవాలో తేల్చేదీ గూగుల్. హెచ్‌టీఎంఎల్ చదవడం, సీఎస్ఎస్ ప్రకారం పేర్చడం, చివరికి తెరమీద అక్షరం గీయడం, ఇదంతా ఇంజిన్ పని. పైన పేరు రాసుకున్న కంపెనీ చేతిలో మిగిలేవి మెనూలు, సింక్, ప్రకటనలు ఆపే ఏర్పాటు, మొదటి పేజీలో ఏం కనపడాలన్న నిర్ణయం.

కాబట్టి పోటీ ఎంతుందో తెలియాలంటే ఇంజిన్లను లెక్కపెట్టాలి. రోజూ వాడుకోవడానికి పనికొచ్చేవి ఇవాళ మూడు. గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్‌లో ఉండే గెకో. ఈ మూడింటిలోనూ రెండు ఒకే ఇంటివి. కేడీఈ వాళ్లు లినక్స్ కోసం రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్‌ను యాపిల్ 2001లో తీసుకుని వెబ్‌కిట్ చేసింది, 2003లో సఫారీగా బయటపెట్టింది. 2008లో వచ్చిన క్రోమ్ కూడా ఆ వెబ్‌కిట్ మీదే నడిచింది. 2013 ఏప్రిల్‌లో గూగుల్ విడిపోయి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. అదే ఏడాది ఒపేరా తన సొంత ప్రెస్టోను వదిలేసింది. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా ఎడ్జ్ సొంత ఇంజిన్‌ను పక్కన పెడుతున్నానని చెప్పి 2020 జనవరికల్లా క్రోమియం మీదికి, అంటే క్రోమ్‌కు పునాది అయిన ఓపెన్ సోర్స్ కోడు మీదికి మారిపోయింది. మైక్రోసాఫ్ట్ అంత కంపెనీయే సొంత ఇంజిన్ మోయలేనంది. పరిస్థితి ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే ఇంకేం కావాలి.

ఒక్క ఇంజిన్ బాగా పనిచేస్తుంటే అందరూ అదే వాడుకుంటే నష్టమేంటి, కోడు ఎలాగూ ఓపెన్ సోర్సే కదా అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు వెబ్ ఎస్‌క్యూఎల్ కథలో ఉంది. బ్రౌజర్లోనే డేటాబేసు పెట్టుకునే ఈ సదుపాయాన్ని అప్పట్లో తీసుకొచ్చినవాళ్లంతా లోపల వాడింది ఎస్‌క్యూలైట్ అనే ఒకే కోడు. ప్రమాణపత్రంలో ఏం రాయాలి? "ఎస్‌క్యూలైట్ ఎలా చేస్తే అలా" అని రాయడం తప్ప దారి లేకపోయింది. ఒక ప్రమాణం నిలబడుతుందో లేదో తెలియాలంటే వేర్వేరు మనుషులు ఆ పత్రం ఒక్కటే చదివి వేర్వేరుగా కోడు రాయాలి, రెండూ ఒకేలా పనిచేయాలి. అది కుదరక 2010 నవంబరులో వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ ఆ పని ఆపేసింది. మొజిల్లా మొదటి నుంచీ ఒప్పుకోలేదు. దాన్ని నమ్ముకుని యాప్‌లు కట్టినవాళ్లు చివరికి 2024లో క్రోమ్ కూడా పూర్తిగా తీసేయడంతో అన్నీ మార్చి రాసుకోవాల్సి వచ్చింది. రెండో ఇంజిన్ వద్దని చెప్పగలిగింది కాబట్టే వెబ్ మొత్తం ఒక లైబ్రరీ వెర్షన్‌కు కట్టుబడిపోకుండా బయటపడింది. బ్లింక్ ఒక్కటే మిగిలిన రోజున వద్దని చెప్పేవాళ్లు ఉండరు. దానిలోని తప్పులే ప్రమాణం అయిపోతాయి.

ఒకే బ్రౌజరుకు కట్టుబడితే ఎలా ఉంటుందో తెలుగు వెబ్‌కు బాగా తెలుసు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు ఉండేది. ప్రతి అక్షరానికీ అందరూ ఒప్పుకున్న ఒకే సంఖ్య ఉండే యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు, అంటే తలకట్లు, గుడులు, వత్తులు నింపిన ఫాంట్లు. ఆ ఫాంటు కంప్యూటర్లో లేకపోతే తెరమీద అర్థంపర్థం లేని లాటిన్ గుర్తులు కనిపించేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం మైక్రోసాఫ్ట్ ఈఓటీ పద్ధతిలో ఫాంటు దానంతటదే దిగేది. ఆ ఫైలును ఫలానా సైటులోనే పనిచేసేలా కట్టేయొచ్చు కూడా, అందుకే ఫాంటు యజమానులకు అది నచ్చింది. ఫైర్‌ఫాక్స్‌కు ఈఓటీ రాదు. దాంతో తెలుగు వార్త చదవాలంటే విండోస్, అందులో ఎక్స్‌ప్లోరర్ ఉండి తీరాల్సిందే. లినక్స్ వాడేవాళ్లకు ఫాంటును చేత్తో దించి పెట్టుకోవడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఇంకో నష్టం, వెతుకులాటకు ఆ రాత ఏదీ దొరికేది కాదు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో అది తెలుగే కాదు.

దీనికి విరుగుడు ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా, అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముగా వచ్చింది. పేరు పద్మ. ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంటు గడుల పట్టికలు అందులో ఉండేవి. పేజీ దిగగానే ఆ గుర్తులను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేసేది. ఒక తెలుగువాడు బ్రౌజరు లోపలికి చేయి పెట్టి పేజీని మార్చగలిగాడంటే, అలా మార్చనిచ్చే ఇంకో బ్రౌజరు అప్పటికి బతికి ఉండబట్టే. తర్వాత సఫారీ, ఫైర్‌ఫాక్స్, ఒపేరా మామూలు ఫాంటు ఫైళ్లను నేరుగా దించుకోవడం మొదలుపెట్టాయి. 2010లో మొజిల్లా, ఒపేరా, మైక్రోసాఫ్ట్ కలిసి వాఫ్ అనే వెబ్ ఫాంట్ల పద్ధతిని డబ్ల్యూ3సీ ముందు పెట్టాయి. ఈఓటీని మోసిన మైక్రోసాఫ్టే ఆ వరసలో నిలబడింది. అప్పటికి ఎక్స్‌ప్లోరర్ వాటా తగ్గుతోంది, ఒంటరిగా నడిచే బలం పోయింది. ఇవాళ మండలి, రామభద్ర, సురన్న వంటి ఉచిత ఫాంట్లు ఏ ఫోన్లోనైనా ఒకేలా కనిపిస్తున్నాయంటే దాని వెనక ఉన్నది ఆ ఒప్పందమే.

మనకంటే గట్టిగా దెబ్బతిన్న దేశం దక్షిణ కొరియా. అమెరికా అప్పట్లో బలమైన ఎన్‌క్రిప్షన్‌ను ఎగుమతి కానిచ్చేది కాదు, అందుకని కొరియా సీడ్ అనే సొంత పద్ధతి తయారుచేసుకుంది. ఏ బ్రౌజర్లోనూ అది లేదు కనుక యాక్టివ్‌ఎక్స్ ముక్కగా, అంటే ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే మైక్రోసాఫ్ట్ పద్ధతిలో దానికి తగిలించారు. బ్యాంకు, షాపింగు, ప్రభుత్వ పని అన్నీ దానికే కట్టుకున్నాయి. భద్రత కోసం తెచ్చిన ఏర్పాటే "ఏ పాపప్ వచ్చినా ఇన్‌స్టాల్ నొక్కు" అని ఒక దేశం మొత్తానికి అలవాటు చేసింది. దానికి మూలమైన, వాడేది ఎవరో రుజువుచేసే డిజిటల్ సర్టిఫికెట్ల వ్యవస్థకు చట్టంలో ఉన్న ప్రత్యేక హోదా పోవడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది.

ఇక డబ్బు సంగతి. ఇంజిన్ రాయడం చాలా ఖరీదైన పని, దాన్ని నేరుగా ఎవరూ కొనుక్కోరు. ఆ ఖర్చు వెతుకులాట ప్రకటనల నుంచే వస్తోంది. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన దావాలో బయటపడ్డ లెక్క ప్రకారం, డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటం కోసం గూగుల్ 2021లో అందరికీ కలిపి ఇచ్చింది 2,630 కోట్ల డాలర్లు. 2022లో యాపిల్ ఒక్కదానికే 2,000 కోట్ల డాలర్లు. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పిచ్చారు. ఫైర్‌ఫాక్స్ సంపాదనలో సుమారు 85 శాతం గూగుల్ ఒప్పందం నుంచే వస్తోందని 2025లో మొజిల్లా ఆర్థికాధికారి అదే కోర్టులో చెప్పారు. అంటే స్వతంత్రంగా మిగిలిన ఒకే ఒక్క ఇంజిన్ జీతాలు పోటీదారు జేబు నుంచి వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన తీర్పులో క్రోమ్‌ను అమ్మేయమనలేదు. ప్రత్యేక హక్కుల ఒప్పందాలు వద్దన్నారు, చెల్లింపులు మాత్రం ఉండనిచ్చారు. ఆ డబ్బు హఠాత్తుగా ఆగితే మొదట కూలేది గెకోయే కనుక, ఆ భాగం వరకు తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఏళ్లపాటు ఇలాగే నడిస్తే అది స్వాతంత్ర్యం అనిపించుకోదు. చిన్న మొత్తాలైనా సరే వేర్వేరు చోట్ల నుంచి రావాలి.

యాపిల్ వైపు చిక్కు ఇంకో రకం. ఐఫోన్లో వెబ్ చూపించే ఏ యాప్ అయినా వెబ్‌కిట్ వాడాలని యాప్ స్టోర్ నియమం. ఐఫోన్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్నవి కూడా లోపల వెబ్‌కిట్టే. దీని వల్ల ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరమే చూపించింది. జ, పొల్లు, ఞ, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జెడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ ఐదు కోడ్లు వరసగా వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5లో ఆ సందేశం చూపించబోయిన యాప్ మూతపడేది. తప్పు ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌లో అక్షరాలు గీసే కోడులో. బ్రౌజర్లన్నీ అదే పునాది మీద ఉన్నాయి కనుక బ్రౌజరు మార్చుకుని తప్పించుకునే వీలు లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చేదాకా ఆగాల్సిందే.

ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టాన్ని 2024 మార్చి 7 నుంచి పెద్ద కంపెనీలు పాటించాల్సి రావడంతో యాపిల్ ఐఓఎస్ 17.4లో వేరే ఇంజిన్లకు తలుపు తీసింది, కానీ అప్పటికి ఐరోపా వరకే. ఐరోపాకు ఒక యాప్, మిగతా ప్రపంచానికి ఇంకో యాప్ విడివిడిగా నడపమంటే ఏ కంపెనీకైనా భారమే. ఏడాది గడిచినా పెద్ద బ్రౌజర్లేవీ ముందుకు రాలేదు. ఇక్కడ ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. క్రోమ్‌కు ఫోన్లలో పూర్తి ఆధిపత్యం రాకుండా ఇప్పుడు ఆపుతున్నది ఈ ఐఫోన్ నియమమే. దాన్ని ఎత్తేస్తే సైట్లు కట్టేవాళ్లు వెబ్‌కిట్‌లో పరీక్షించడం కూడా మానేస్తారన్న భయం ఉత్తది కాదు. అయినా ఎత్తేయాలనే అంటాను. ఒక కంపెనీ నిషేధాన్ని ఇంకో కంపెనీకి మందుగా వాడుకుంటే రెండూ అలాగే మిగిలిపోతాయి.

మన దేశంలో 2022 అక్టోబరు 20న పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. క్రోమ్ సహా గూగుల్ యాప్‌లన్నీ కట్టగట్టి ఫోన్లో ముందే ఎక్కించాలన్న షరతు ఆ కేసులో ముఖ్యమైన అంశం. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, కొన్ని ఆదేశాలు కొట్టేసింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం స్వదేశీ బ్రౌజరు పోటీ ప్రకటించింది, 2025లో ఉలాకు మొదటి బహుమతి, కోటి రూపాయలు వచ్చింది. సైటు అసలుదేనని చెప్పే భారతీయ సర్టిఫికెట్లను నమ్మే ఏర్పాటు అందులో ఉండాలన్నది మంచి ఆలోచనే. కానీ ఉలా కూడా క్రోమియమే. పోటీ పెట్టినవాళ్లు ఇంజిన్ అడగలేదు, అడిగినా ఆ మొత్తానికి రాదు.

క్రోమియం తీసుకుని సొంత బ్రౌజరు చేసేవాళ్ల కష్టం బయటకు కనిపించదు. క్రోమ్ కొత్త వెర్షన్ కొన్ని వారాలకోసారి వస్తుంది, భద్రత సవరణలు మధ్యలోనూ వస్తాయి. సవరణ కోడు బయటపడ్డ క్షణం నుంచి దాడి చేసేవాడికి లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. రెండు వారాలు ఆలస్యమైన బ్రౌజరు ఆ రెండు వారాలూ తలుపు తీసి ఉన్నట్టే. అందుకని చిన్న జట్టు పని అంతా గూగుల్ కోడు వెనక పరిగెత్తడంతోనే సరిపోతుంది. గూగుల్ తీసేసినదాన్ని నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. ఎక్స్‌టెన్షన్లకు గూగుల్ పెట్టిన కొత్త నియమావళి మానిఫెస్ట్ వీ3 విషయంలో జరిగింది ఇదే. ఎక్స్‌టెన్షన్ ప్రతి అభ్యర్థననూ చూసి ఆపగలిగే పాత పద్ధతిని క్రోమ్ తీసేసి, ముందే రాసిచ్చిన నియమాల జాబితా పద్ధతి పెట్టింది. 2025 మధ్యకల్లా ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లో నడవకుండా పోయింది, తేలికపాటి లైట్ రూపం మిగిలింది. బ్రేవ్‌కు ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రకటనలు ఆపే కోడు బ్రౌజరు లోపలే సొంతంగా రాసుకుంది. ఫైర్‌ఫాక్స్‌లో పాత పద్ధతి ఇంకా ఉంది.

ప్రభుత్వం నిజంగా డబ్బు పెట్టదలిస్తే సర్వో మీద పెట్టాలి. మొజిల్లా 2012లో మొదలుపెట్టి 2020లో ఆ జట్టును తీసేస్తే, లినక్స్ ఫౌండేషన్ నీడలోకి వెళ్లి బతికిన ఇంజిన్ అది. లేడీబర్డ్ అని మొదటి అక్షరం నుంచి కొత్తగా రాస్తున్న ఇంకో ఇంజిన్ కూడా ఉంది, 2024లో లాభాపేక్ష లేని సంస్థగా నిలబడింది. వీటిలో తెలుగు బాగా కనిపించేలా పనిచేయడానికి ఇద్దరు ఇంజినీర్లకు జీతమిచ్చినా, స్వదేశీ పేరుతో ఇంకో క్రోమియం కంటే ఎక్కువ మిగులుతుంది.

చట్టాలు, తీర్పులు ఎలా ఉన్నా, సైట్లు కట్టేవాళ్ల చేతిలో ఉన్న పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. క్రోమ్‌లో ఒక్కదానిలోనే చూసి సైటు వదిలితే, ఫైర్‌ఫాక్స్‌లో విరిగినప్పుడు వాడేవాడు సైటును తిట్టడు, బ్రౌజరును తీసేస్తాడు. వాటా తగ్గుతుంది, తగ్గింది కదా అని ఇంకెవరూ పరీక్షించరు.

మొదట మానాల్సింది యూజర్ ఏజెంట్, అంటే బ్రౌజరు తానెవరో సైటుకు చెప్పే వరస చూసి నిర్ణయించడం. క్రోమ్ పంపే ఆ వరస తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: మొజిల్లా 5.0, యాపిల్‌వెబ్‌కిట్ 537.36, కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో, క్రోమ్, సఫారీ 537.36. ప్రతి కొత్త బ్రౌజరూ పాతదాని పేరు పెట్టుకుంటేనే సైట్లు లోపలికి రానిచ్చాయి, అందుకే ఇన్ని పేర్లు పోగయ్యాయి. వివాల్డీ 2019 డిసెంబరులో తన పేరే తీసేసి క్రోమ్‌లా కనిపించడం మొదలుపెట్టింది, ఎందుకంటే పేరు చూసి సైట్లు ఆపేస్తున్నాయి. వాటాల లెక్కలు కూడా ఈ వరస మీదే ఆధారపడతాయి కనుక ఇలాంటివన్నీ క్రోమ్ ఖాతాలో పడతాయి. బ్రౌజరు పేరు అడగొద్దు, సదుపాయం ఉందా అని అడగండి. సీఎస్ఎస్‌లో సపోర్ట్స్ నియమం, జావాస్క్రిప్ట్‌లో ఆ ఫంక్షన్ ఉందో లేదో చూడటం, ఇవి చాలు.

మూడు ఇంజిన్లలో పరీక్షకు మ్యాక్ కొననక్కర్లేదు. ప్లేరైట్ అనే పరీక్షల సాధనం ఇన్‌స్టాల్ చేసుకుంటే క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడూ విండోస్, లినక్స్‌లలోనూ దిగుతాయి. ఒకే పరీక్ష మూడింట్లో నడుస్తుంది. ఒక హెచ్చరిక. లినక్స్ వెబ్‌కిట్ అక్షరాలను హార్ఫ్‌బజ్‌తో పేర్చుతుంది, ఐఫోన్‌ది యాపిల్ సొంత కోర్‌టెక్స్ట్. లేఅవుట్, స్క్రిప్టుల వరకు ప్లేరైట్ ఫలితాన్ని నమ్మొచ్చు. తెలుగు అక్షరం సరిగ్గా పడిందా అన్నది మాత్రం అసలు ఐఫోన్లోనే చూడాలి.

తెలుగు సైటులో ఎక్కువగా విరిగేవి కొన్ని ఉన్నాయి. లైన్ హైట్ 1.2 పెట్టి పొంగింది దాచేయమంటే "రాష్ట్రం", "లక్ష్మి" వంటి మాటల్లో కింది వత్తులు తెగిపోతాయి. 1.6 నుంచి 1.8 మధ్య పెట్టి ఈ రెండు మాటలతోనే సరిచూడండి. ఫాంటు మీరు ఇవ్వకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో, యాపిల్‌లో కోహినూర్ వస్తాయి, ఒక్కోదాని ఎత్తు ఒక్కో రకం. కాబట్టి వాఫ్2 ఫాంటు సైటుతోపాటే ఇవ్వండి. ఏ అక్షరాలకు ఆ ఫాంటు వాడాలో చెప్పేచోట తెలుగు గడులు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు రాసి ఊరుకోకుండా 200సి, 200డి కూడా చేర్చండి. లేకపోతే "ఫోన్‌లో" లాంటి మాట మధ్య పొల్లు దగ్గర తేడా రావచ్చు. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగుకు సున్నా ఉంచండి.

అక్షరాల లెక్క ఇంకా సూక్ష్మం. "శ్రీ" మనకు ఒక అక్షరం. జావాస్క్రిప్ట్ లెంగ్త్ దానికి 4 చెబుతుంది, శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. సరైన దారి Intl.Segmenter, అంటే రాతను అక్షరాలుగా విడదీసే జావాస్క్రిప్ట్ సదుపాయం. అది క్రోమ్, సఫారీల్లో ముందే ఉన్నా ఫైర్‌ఫాక్స్‌కు 2024 ఏప్రిల్‌లో 125వ వెర్షన్‌తో వచ్చింది. అక్కడితో అయిపోలేదు. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1తో చేరింది. అంతకు ముందరి నియమాల ప్రకారం "శ్రీ" రెండు ముక్కలు. కాబట్టి అక్షర పరిమితి పెట్టే ఫారం ఒక బ్రౌజర్లో ఒప్పుకున్న పేరును ఇంకో పాత వెర్షన్ తిప్పికొట్టొచ్చు. పరిమితిని సర్వరులో కోడ్ పాయింట్లతో, అంటే యూనికోడ్ సంఖ్యలతో లెక్కపెట్టి, ధారాళంగా ఉంచడం మేలు. టైపింగు విషయంలో కీడౌన్ మీద, అంటే ఏ మీట నొక్కారన్న కబురు మీద ఆధారపడితే ఆండ్రాయిడ్ తెలుగు కీబోర్డుల నుంచి తరచూ 229 అనే ఒకే సంఖ్య వస్తుంది. పెట్టెలో రాత మారిందని చెప్పే ఇన్‌పుట్ ఈవెంట్ వినండి.

వాడేవాళ్ల వైపు, ఫైర్‌ఫాక్స్‌కు మారడం పది నిమిషాల పని. బుక్‌మార్కులు, చరిత్ర దిగుమతి మెనూ నుంచే వస్తాయి. పాస్‌వర్డులను సీఎస్‌వీ ఫైలుగా తీస్తే అందులో అన్నీ మామూలు రాతలోనే ఉంటాయి, ఎక్కించగానే ఆ ఫైలును డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయండి. ఏదైనా సైటు విరిగితే మెనూలో పాడైన సైటును నివేదించే మీట ఉంది. అది ఎవరూ చూడని పెట్టె కాదు. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్ కోలన్ కంపాట్ తెరిస్తే, ఏయే సైట్లు పనిచేయడానికి మొజిల్లా ఏయే సవరణలు పెట్టిందో వరసగా కనిపిస్తాయి. వాటి వెనక ఉన్నవి ఇలాంటి నివేదికలే.

తప్పు సైటుది కాక ఇంజిన్‌దే అనిపిస్తే పేజీ మొత్తం పంపకండి. తప్పు కనపడేంత వరకు కోస్తూ పోయి, పది పదిహేను వరసల హెచ్‌టీఎంఎల్ మిగిల్చి, అది క్రోమియం, వెబ్‌కిట్, మొజిల్లా మూడింటి బగ్ పట్టికల్లో వేయండి. మూడు ఇంజిన్లవాళ్లూ కలిసి వాడుకునే వెబ్ ప్లాట్‌ఫాం టెస్ట్స్ అనే పరీక్షల భండారం ఉంది. అందులో చేరిన పరీక్షను ఇంజిన్లన్నీ రోజూ నడుపుతాయి, ఎవరు తప్పారో బహిరంగంగా కనిపిస్తుంది. తెలుగుకు రాసే పరీక్ష సాధారణంగా రెండు పేజీల జత, రెండూ చుక్క తేడా లేకుండా ఒకేలా కనిపించాలి. ఉచిత లైసెన్సు ఉన్న తెలుగు ఫాంటును ఆ జతతో పాటే పెట్టండి, లేకపోతే పరీక్ష నడిచే యంత్రంలో ఏ ఫాంటు ఉంటే దాని ఫలితం వస్తుంది, ఇంజిన్‌ది కాదు.